దీవిలో మూడు రాత్రులు

మా నాన్నగారు సముద్రం చూడలేదు. మాది ఖమ్మం వైపు మెట్ట పల్లె. మాకు తెలిసిన పెద్ద నీరంటే ఊరి చెరువే. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మా కళాశాలవారు అండమాన్ దీవులకు యాత్ర ఏర్పాటు చేసినప్పుడు, ఆడపిల్లను అంత దూరం పంపవద్దని అమ్మ అన్నది. నాన్నగారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పెయ్యను అమ్మి, ఆ డబ్బు నా చేతిలో పెట్టి, “చూసిరా తల్లీ. వచ్చి మాకు చెబుదువుగాని” అన్నారు. అది 2019 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం.

విశాఖపట్నంలో ఓడ ఎక్కాము. విద్యార్థులం ముప్పై ఇద్దరం, లెక్చరర్లు ఇద్దరు. దాదాపు మూడు రోజుల ప్రయాణం. మొదటి రోజంతా వాంతులే. రెండో రోజుకు కడుపు కుదుటపడి పైకి వచ్చి చూస్తే, ఎటు తిరిగినా నీలిమందు కలిపినట్టున్న నీళ్లు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన పోర్టుబ్లెయిరులో దిగి, 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు చూశాము. ఏడు బారులుగా కట్టిన ఆ జైలులో ఇప్పుడు మూడే మిగిలాయి. ఎదుటివాని ముఖం కూడా కనబడకుండా కట్టిన ఆ గదుల ముందు మా అల్లరి దానంతటదే ఆగిపోయింది.

మరునాడు రెండున్నర గంటలు పడవలో వెళ్లి మేము బస చేయవలసిన దీవికి చేరాము. దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చి అప్పటికి మూడు వారాలే అయింది. 2018 డిసెంబరు 30న మార్చారు. బోర్డుల మీద ఇంకా హేవ్‌లాక్ అనే ఉంది. ఆ సర్ హెన్రీ హేవ్‌లాక్ 1857లో లక్నోలో చనిపోయిన ఆంగ్ల సేనాని అనీ, శ్రీరాంపూరులో కేరీగారితో కలిసి పనిచేసిన మిషనరీ మార్ష్‌మన్‌గారి అల్లుడనీ మా లెక్చరర్ చెప్పారు. బడి పుస్తకాల్లో చదివిన పేర్లు అలా ఎదురుపడితే ఆశ్చర్యమనిపించింది.

దీవిలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుండి వచ్చిన శరణార్థుల కుటుంబాలవారు. 1950ల్లో ప్రభుత్వం వారికి ఇక్కడ భూములిచ్చింది. గోవిందనగర్, విజయనగర్, రాధానగర్ అని ఊళ్లకు పేర్లు. వరి, కొబ్బరి, పోక తోటలు. పడమటి వైపు రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి తీరమని రాసింది. తెల్లని పిండిలాంటి ఇసుక, వెనుక నింగినంటే అడవి. చెప్పడం కష్టం, చూడవలసిందే.

మా బస తూర్పు తీరాన ఒక రిసార్టులో. కొబ్బరి చెట్ల కింద చిన్న చిన్న కుటీరాలు. తెల్లని దుప్పట్లు, గుమ్మం ముందే సముద్రం. నా జీవితంలో హోటలు గదిలో పడుకోవడం అదే మొదలు. మంచం మీద కూర్చోవడానికే భయపడ్డాను. స్నానాల గదిలో గోడకు ఒక కాగితం అంటించారు: “మంచినీరు కొరత. పొదుపుగా వాడండి.” చుట్టూ సముద్రం, తాగడానికి మాత్రం వాననీరూ, చిన్న చిన్న వాగుల నీరూ. కూరగాయలు, గ్యాసు, సిమెంటు చాలామటుకు ఓడల మీద రావలసిందే. మా ఊరి బోరింగు దగ్గర బిందెల వరుస గుర్తుకొచ్చి, నేను సగం బకెట్టుతోనే స్నానం ముగించాను.

రెండో రోజు పున్నమి. మధ్యాహ్నం మూడున్నరకు చూస్తే, పొద్దున గుమ్మం దాకా వచ్చిన సముద్రం ఎక్కడికో వెళ్లిపోయింది. రెండు ఫర్లాంగుల దాకా తడి ఇసుక, చచ్చిన పగడపు రాళ్లు, గుంటల్లో రంగురంగుల చేపపిల్లలు. చెప్పకుండా ఎవరూ నీళ్లలోకి వెళ్లకూడదని లెక్చరర్ హెచ్చరించారు. “అక్కడ నీళ్లే లేవుగా” అనుకుని మేము నలుగురు ఆడపిల్లలం నడిచి వెళ్లాము. సముద్రంలో నుండి చంద్రుడు లేచేది చూసి రావాలని మా కోరిక.

అక్కడ మా ఊరికంటే అరగంటకు పైగా ముందే పొద్దు కుంకుతుంది. అయిదుంబావు దాటేసరికి మసక. వెనక్కి తిరిగి చూస్తే మాకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు! మేము నిలబడినది మెరక. పోటు నీరు ముందుగా పల్లంలోకి, అంటే మా వెనక్కి వచ్చింది. అడుగు వేస్తే మోకాళ్లు, ఇంకో అడుగుకు నడుము. రాళ్లు కోసుకుని పాదాల నుండి రక్తం. నాకు నాన్నగారు అమ్మిన పెయ్య కళ్లముందు కదిలింది. ఆ క్షణాన అదెందుకు కనిపించిందో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు ఒడ్డు నుండి తెలుగులో కేక! “కదలకండి! అక్కడే నిలబడండి!” రిసార్టు వంటగదిలో పనిచేసే యువకుడు టార్చి పట్టుకుని వచ్చాడు. నేరుగా ఒడ్డుకు కాకుండా, పక్కనున్న ఇసుక దిబ్బ మీదుగా చుట్టు తిప్పి, ఒకరి చేయి ఒకరు పట్టించి మమ్మల్ని బయటికి తెచ్చాడు.

“ఏటమ్మా, ఇదేటి మీ ఊరి సెరువనుకున్నారా? ఎనక్కెల్లిన నీరు మల్లీ వస్తాది కదా!”

వాళ్ల తాత శ్రీకాకుళం నుండి కూలిపనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడట. పోటూ పాటూ అంటే ఏమిటో ఆ రాత్రి అతడే చెప్పాడు. నీరు ఆరు గంటల చొప్పున ఎక్కుతుంది, దిగుతుంది. రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమికీ అమావాస్యకూ ఉధృతం ఎక్కువ, అక్కడ దాదాపు రెండు మీటర్లు లేస్తుంది. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

లెక్చరర్ మమ్మల్ని తిట్టలేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్ట వదిలిన నీటిలో కొట్టుకుపోయిన సంగతి మాత్రం చెప్పారు. “వాళ్లు నిలబడినప్పుడు అక్కడా నీళ్లు తక్కువే” అన్నారు. ఎవరూ అన్నం తినలేకపోయాము.

తల్లిదండ్రులారా, పిల్లలను యాత్రలకు పంపవద్దని నేననను. పంపండి. కాని బస ఎక్కడ, భోజనం ఎలా అని అడిగినట్టే, నీటి దగ్గర ఎవరుంటారని కూడా అడగండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కొత్త చోటికి వెళ్లగానే అక్కడివారిని ఒక్క మాట అడగండి: “ఇక్కడ నీరు ఎప్పుడు వస్తుంది?” ఆ మాట అడగడానికి మాకు నోరు రాలేదు.

ఇంటికి వచ్చి నాన్నగారికి అంతా చెప్పాను, దాచలేదు. ఆయన చాలాసేపు ఊరుకుని, “ఆ అబ్బాయి పేరేమిటమ్మా?” అని అడిగారు.

నేను తల వంచుకున్నాను. మూడు రోజులు అతడు వండినది తిన్నాను. అతని చేయి పట్టుకుని ఒడ్డుకు చేరాను. పేరు మాత్రం అడగలేదు.