మీటరు మాటల వరుస

మాది కౌలాలంపూర్. నేను కాలేజీలో ఎలక్ట్రికల్ కోర్సు చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, స్నేహితులతో మలయ్, క్లాసులో ఇంగ్లీషు. ఇన్ని భాషలు తెలియడం ఒక కరెంటు మీటరు దగ్గర నాకెలా పనికొచ్చిందో చెబుతాను.

మా కాలేజీలో ఒక పోటీ పెట్టారు. జట్టుకు నలుగురు. మా జట్టులో ఇద్దరు మలయ్ అమ్మాయిలు, ఒక చైనీస్ అబ్బాయి, నేను. ప్రతి జట్టుకీ ఎప్పుడూ చూడని మీటరు ఒకటి, దాని మాన్యువల్, లాప్‌టాప్, ఒక బల్బు ఇచ్చారు. రెండు గంటల్లో ప్రోగ్రాం రాసి, మీటరు కొలిచిన వోల్టేజిని తెర మీద చూపించాలి. కరెంటు వైర్లు మాత్రం మాస్టారే కలిపారు. మమ్మల్ని ముట్టుకోవద్దన్నారు.

మీటరు తనంతట తాను మాట్లాడదు. అడిగితేనే జవాబు చెబుతుంది. మేం అడిగిన పద్ధతి పేరు మోడ్‌బస్. 1979లో ఫ్యాక్టరీ యంత్రాల కోసం తయారుచేశారు, ఇప్పటికీ వాడుతున్నారు. మీటరు లోపల అలమరలో అరల్లాంటివి ఉంటాయి. వాటిని రిజిస్టర్లు అంటారు. ఏ అరలో ఏముందో మాన్యువల్‌లో ఉంటుంది. మా మీటరులో వోల్టేజి అంకె ఒక అరలో పట్టదు. రెండు ముక్కలు చేసి రెండు అరల్లో పెట్టారు.

మేం అడిగాం. తెర మీద 0.00 అని వచ్చింది! మలేషియాలో ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. నిజంగా సున్నా అయితే బల్బు వెలగకూడదు కదా. అది మాత్రం ఎదురుగా చక్కగా వెలుగుతోంది.

"మీటరు పాడైందేమో, మార్చమందాం" అన్నాడు చైనీస్ అబ్బాయి.

"ఆగు, ముందు మాన్యువల్ పూర్తిగా చదువుదాం" అంది ఒక అమ్మాయి.

చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఉంది: ఈ మీటరు రెండో ముక్కను ముందు పంపుతుంది. చాలా మీటర్లు మొదటి ముక్కే ముందు పంపుతాయి.

నాకు వెంటనే మన మాటలు గుర్తొచ్చాయి. తెలుగులో "నేను అన్నం తింటాను" అంటాం. మలయ్‌లో "సాయ మాకాన్ నాసి" అంటారు, అంటే "నేను తింటాను అన్నం". మాటలు అవే, వరుస వేరు. "మీటరు బాగానే ఉంది, దాని వరుసే వేరు" అన్నాను. ముక్కల్ని అటూ ఇటూ మార్చాం. సరైన అంకె వచ్చింది! నలుగురం ఒక్కసారే అరిచాం.

ఆ పోటీలో మేం గెలవలేదు. మాకంటే ముందే ఇంకో జట్టు పూర్తిచేసింది. కానీ ఇంటికెళ్ళి చెప్పగానే నాయనమ్మ ఒక ప్రశ్న వేసింది. పాత మీటరు ఉన్నప్పుడు ఒకాయన ఇంటికొచ్చి, అంకె చూసి, అక్కడికక్కడే బిల్లు చేతికిచ్చేవాడు. స్మార్ట్ మీటరు అంకెను తానే పంపించేస్తుంది. "ఒరే నాన్నా, ఆ అంకె తప్పయితే నేనెవర్ని అడగాలిరా?" అంది.

"నన్నడుగు నాయనమ్మా" అన్నాను. అందుకే ఈ చదువు నాకిష్టం.

మీరూ చేసి చూడండి: వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు వాడితే ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. మరి 75 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగితే ఎన్ని యూనిట్లు? ఆ లెక్క మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పండి.