కరెంటు మీద పడ్డ నింద

నెల్లూరు తీరంలో కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా మొదటి నింద కరెంటు మీదే పడుతుంది. మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, కృష్ణపట్నం, ఏ పక్కకు పోయినా ఒకటే మాట: "కరెంటు పోయొచ్చింది, అప్పట్నించి పని చెయ్యడంలా." ఈ నిందకు కారణం లేకపోలేదు. మాకు గట్టి వాన పడేదే ఈశాన్య రుతుపవనాల కాలంలో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక వాయుగుండం పోతే ఇంకొకటి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందే కానీ, అంతకుముందు నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూనే పోయింది. అట్లాంటి రోజుల్లో కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మామూలే. దానికి తోడు ఉప్పుగాలి.

అయినా ఒక జబ్బు విషయంలో కరెంటు తప్పేమీ లేదని గట్టిగా చెప్తాను. కంప్యూటర్‌లో మన కంటికి కనపడకుండా వెనక పనిచేసే సర్వీసులు లాగిన్ కాలేక ఆగిపోతాయే, ఆ జబ్బు. దాని కారణం ఎన్నడో జరిగిపోయి ఉంటుంది. కరెంటు చేసేదల్లా దాన్ని బయటపెట్టడమే.

ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత అమ్మే కొట్టు ఒకటి తీసుకుందాం. 2009లో వనామీ రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చాక ఈ తీరంలో వ్యాపారమంతా దాని చుట్టే తిరుగుతోంది. రైతు సీడు వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు. అన్నాళ్లూ మేత, మందులు చాలావరకు అప్పు మీదే పోతాయి. పట్టుబడి అయ్యాక కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) చూసి, రేటు కట్టి, అప్పుడు బాకీ తేల్చుకుంటారు. అంటే ఒక పంటకాలం నమ్మకమంతా ఆ కొట్టులోని కంప్యూటర్‌లో ఉంటుంది. తెర మీద కనపడేది బిల్లింగ్ ప్రోగ్రాం ఒక్కటే. దాని వెనక లెక్కలు దాచే డేటాబేస్ సర్వీసు ఉంటుంది. రాత్రిపూట ఆ లెక్కలకు నకలు తీసి లోపలి గదిలోని రెండో కంప్యూటర్‌కు పంపే బ్యాకప్ సర్వీసు ఇంకొకటి. బిల్లింగ్ ఆగితే పది నిమిషాల్లో కేకలు మొదలవుతాయి. బ్యాకప్ ఆగితే మాత్రం ఎవరికీ తెలియదు. హార్డ్ డిస్క్ పోయిన రోజున తెలుస్తుంది. నాకు దిగులంతా ఆ రెండో దాని గురించే.

మనం కంప్యూటర్ ముందు కూర్చొని పాస్‌వర్డు కొట్టకముందే ఈ సర్వీసులు లేచి పని మొదలుపెడతాయి. విస్టా నాటి నుంచి విండోస్ వీటిని మనుషుల సెషన్‌లతో కలపకుండా సున్నా నంబరు సెషన్‌లో విడిగా ఉంచుతోంది. అయితే ఏ సర్వీసైనా ఎవరో ఒకరి పేరుతో లాగిన్ కావాల్సిందే. లోకల్ సిస్టమ్, లోకల్ సర్వీస్, నెట్‌వర్క్ సర్వీస్ అని విండోస్‌లోనే మూడు ఖాతాలున్నాయి. వాటి పాస్‌వర్డు గొడవ మనకు పట్టదు. చిక్కంతా సర్వీసును మనిషి పేరు మీద పెట్టినప్పుడు వస్తుంది. ఎందుకు పెడతారంటే, లోకల్ సిస్టమ్‌కు ఈ కంప్యూటర్‌లో ఎంత అధికారమున్నా పక్క గదిలోని కంప్యూటర్‌కు అదెవరో తెలియదు, షేర్ ఫోల్డరులోకి రానివ్వదు. అందుకని ప్రోగ్రాం పెట్టడానికి వచ్చినవాళ్లు ఓనరు పేరూ పాస్‌వర్డూ అడిగి సర్వీసుకు ఇచ్చేసి వెళ్లిపోతారు. విండోస్ ఆ పాస్‌వర్డుకు ఒక నకలు తన దగ్గర దాచుకుంటుంది. ఓనరు తర్వాత పాస్‌వర్డు మార్చినా ఈ నకలు మారదు. గుంటల కాడ కాపలా ఉండే మనిషికి మన ఇంటి తాళంచెవి ఇచ్చి, ఆ తర్వాత అతనికి చెప్పకుండా తాళం మార్చేసినట్టు.

పాస్‌వర్డు మార్చిన మరుక్షణం సర్వీసు ఆగిపోతే ఎవరికైనా కారణం తెలిసిపోయేది. ఆగదు. అది అప్పటికే లోపల ఉంది. ఒకసారి లాగిన్ అయిన సర్వీసును మళ్లీ మొదలయ్యేదాకా ఎవరూ పాస్‌వర్డు అడగరు. రోజూ రాత్రి కొట్టు కట్టేటప్పుడు షట్‌డౌన్ చేస్తాం కదా, పొద్దున మళ్లీ మొదలవ్వాలి కదా అనుకుంటారు. ఈ చిక్కుముడిలో అందరూ బోల్తా పడేది సరిగ్గా అక్కడే. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్‌డౌన్ కొడితే మన సెషన్ ఒక్కటే మూస్తుంది. సర్వీసులుండే సున్నా సెషన్‌ను ఉన్నది ఉన్నట్టు డిస్కు మీద రాసిపెట్టి, పొద్దున అదే తిరిగి తెరుస్తుంది. అంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా సర్వీసు పాత లాగిన్‌తోనే కొనసాగుతుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. లేదా నడుస్తుండగా కరెంటు పోవాలి.

పాస్‌వర్డు వినాయకచవితికి మారుస్తారు. సర్వీసు దీపావళి దాటాక ఏదో గాలివాన రోజు ఆగుతుంది. ఆ రెంటినీ ముడిపెట్టుకొనే మనిషి ఎవరుంటారు? నా మేనమామ కొడుకు ఫోన్ చేసి, "బావా, కరెంటు పోయొచ్చినాక సిస్టం చెడిపొయింది, ఫార్మాట్ కొట్టించమంటున్నారు, కొట్టించేదా?" అన్నప్పుడు నేను తిరిగి అడిగింది కరెంటు సంగతి కాదు. "ఈమధ్య పాస్‌వర్డు ఏమన్నా మార్చినావా అబ్బయ్యా?" అని. "అదెప్పుడో మార్చినాలే, పిలకాయలు గేములు ఆడతన్నారని" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఫార్మాట్ అవసరం తప్పిపోయింది.

ఫార్మాట్ అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. ఒక సర్వీసు లేవలేదని డిస్కంతా తుడిచేయడం ఎంత అన్యాయం! ఎందుకు లేవలేదో విండోస్ ఎప్పుడూ రాసిపెడుతూనే ఉంటుంది. చదివే ఓపిక మనకుండాలి. విండోస్ మీటా ఆర్ మీటా కలిపి నొక్కి సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సి అని కొడితే సర్వీసుల పట్టిక వస్తుంది. ఆగినదాన్ని స్టార్ట్ చెయ్యబోతే 1069 అనే నంబరు వస్తే అది లాగిన్ సమస్యే. 1053 వస్తే సర్వీసు సమయానికి పలకలేదని. 1068 వస్తే అది ఆధారపడిన మరో సర్వీసు లేవలేదని. ఈ రెంటికీ పాస్‌వర్డుతో నేరుగా పని లేదు. 1069 అయితే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే చోట చూడాలి. అక్కడ 7038 నంబరుతో ఏ సర్వీసు, ఎవరి పేరుతో, ఏ కారణంగా లాగిన్ కాలేకపోయిందో ఉంటుంది: పాస్‌వర్డు తప్పా, గడువు తీరిందా, ఖాతా లాక్ అయిందా. 7041 ఉంటే పాస్‌వర్డు సరైనదే, ఆ ఖాతాకు సర్వీసుగా లాగిన్ అయ్యే హక్కు లేదని అర్థం. కారణం ఏదో తేలకముందు దేన్నీ ముట్టుకోకూడదు.

పాస్‌వర్డే తప్పయితే మందు చిన్నది. సర్వీసు ప్రాపర్టీస్‌లో లాగ్ ఆన్ అనే చోట కొత్త పాస్‌వర్డు రెండుసార్లు కొట్టి, సర్వీసు స్టార్ట్ చెయ్యాలి. పేరు ముందు చుక్క, వెనక్కి వాలిన గీత ఉండాలి. ఈ కంప్యూటర్‌లోని ఖాతా అని దానర్థం. ఇక్కడ మార్చడంలో ఇంకో లాభముంది. సర్వీసుగా లాగిన్ అయ్యే హక్కు లేకపోతే విండోస్ తానే ఇచ్చేస్తుంది. హోమ్ ఎడిషన్‌లో ఆ హక్కులు చూపించే లోకల్ సెక్యూరిటీ పాలసీ కిటికీ ఉండదు గనక, మన కొట్లకు ఇదే తేలిక దారి.

అసలు పాస్‌వర్డే పెట్టుకోని కంప్యూటర్లు మా వైపు లెక్కలేనన్ని. ఎంటర్ కొడితే తెరుచుకోవాలి, అంతే. ఖాళీ పాస్‌వర్డు ఉన్న ఖాతాను మామూలుగా విండోస్ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికే ఒప్పుకుంటుంది, సర్వీసుకు ఒప్పుకోదు. పిన్ సంగతీ ఇంతే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. దాంతో విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లు రోజూ పిన్ కొట్టి, లేదా వేలు పెట్టి తెరుస్తూ అసలు పాస్‌వర్డు మరిచిపోతున్నారు. సర్వీసుకు పిన్ పనికిరాదు. పాస్‌వర్డే కావాలి. గుర్తొచ్చినవన్నీ వరసగా కొట్టి చూడటం కూడా ప్రమాదమే. 2022లో వచ్చిన విండోస్ 11 రూపం నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్‌లో పది తప్పు ప్రయత్నాలకు ఖాతా పది నిమిషాలు లాక్ అవుతుంది. పక్క కంప్యూటర్‌లోని సర్వీసు పాత పాస్‌వర్డుతో షేర్ ఫోల్డరు కోసం పదేపదే వచ్చినా అదే జరుగుతుంది. ఓనరు తన ఖాతాలోకి తానే పోలేక నిలబడతాడు.

కరెంటుకు నిజంగా సంబంధమున్నది ఒకటుంది, దాన్ని దాచను. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే ఇంటర్నెట్లోని సర్వర్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనపడి, క్లౌడ్ బ్యాకప్ ఆగిపోతుంది. కొన్ని ప్రోగ్రాములు దీన్ని కూడా లాగిన్ కాలేదనే చూపిస్తాయి. పాస్‌వర్డు సరిగ్గా ఉండి కూడా లాగిన్ కాలేదంటే ముందు తెర మూల తేదీ చూడండి. బిల్లులు మెయిలులో పంపే పాత ప్రోగ్రాములది ఇంకో కథ: 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు పాస్‌వర్డుతో వాటిని ఒప్పుకోవడం దశలవారీగా ఆపేసింది. యాప్ పాస్‌వర్డు విడిగా తీసుకోవాలి.

ఈ గొడవలన్నీ ఎందుకని సర్వీసులన్నిటినీ లోకల్ సిస్టమ్‌కు మార్చి పోయేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ ఖాతాకు కంప్యూటర్ మొత్తం మీద అధికారం. దాని కింద నడిచే ప్రోగ్రాంలో చిన్న కంత ఉన్నా, అందులోంచి దూరినవాడికి అంతా దక్కుతుంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లు పంచుకునే సర్వీసులోని లోపంలోంచి దూరి, తనను తాను ఒక సర్వీసుగా నమోదు చేసుకొని అది కూర్చుంది. దాన్ని ఆపే సవరణ అదే ఏడాది మార్చి 14నే వచ్చింది, పెట్టుకోనివాళ్లు దెబ్బతిన్నారు. వెనక పనిచేసేదానికి పనికి సరిపడా అధికారం మాత్రమే ఇవ్వాలి.

కాబట్టి బ్యాకప్‌కు దాని పేరుతోనే ఒక ఖాతా పెట్టండి. అదే పేరు, అదే పాస్‌వర్డుతో రెండు కంప్యూటర్లలోనూ ఉండాలి. గడువు తీరని పాస్‌వర్డు, నకళ్లు పెట్టే ఫోల్డరు మీద మాత్రమే హక్కు. మనుషులు ఆ ఖాతాతో లోపలికి పోకూడదు. ఓనరు తన పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చుకున్నా దానికి పట్టదు. పక్క కంప్యూటర్‌తో పనిలేని సర్వీసుకైతే ఇంత శ్రమ కూడా వద్దు. విండోస్ 7 నుంచి ప్రతి సర్వీసుకూ దాని పేరుతోనే ఒక అంతర్గత ఖాతా దొరుకుతుంది, పాస్‌వర్డు విండోసే చూసుకుంటుంది. పెట్టిన ఖాతా పేరు, తేదీ, ఏ సర్వీసుకో ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ప్రోగ్రాం పెట్టినవాళ్లు రేపు ఫోనుకు దొరకకపోవచ్చు.

ఈ తీరంలో కొట్టో, హేచరీయో, రొయ్యల కాటానో నడిపే ప్రతివాళ్లనూ నేను అడిగేది ఒకటే. అక్టోబరు వానలు రాకముందే, కొట్టులో రద్దీ లేని ఒక మధ్యాహ్నం, కంప్యూటర్‌ను షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టండి. సర్వీసుల పట్టిక తెరిచి, డేటాబేస్, బ్యాకప్ రెండూ రన్నింగ్ అని ఉన్నాయో లేదో చూడండి. తర్వాత రెండో కంప్యూటర్ దగ్గరకు పోయి నిన్నటి నకలు తెరిచి, అందులో మీకు గుర్తున్న ఒక రైతు బాకీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.