పిలిస్తే పలికే ఫోను

అటక మీది నాన్నగారి నల్ల డయల్ ఫోనును దించి, తడిగుడ్డతో తుడిచాను. పాత వైరుకు కొత్త పిన్ను బిగించి ఫైబర్ మోడెం వెనక గుచ్చాను. రిసీవర్ ఎత్తితే అదే డయల్ టోను! ఉత్సాహంగా 9 తిప్పాను. చక్రం కిర్రుమంటూ వెనక్కొచ్చింది. టోను మాత్రం ఆగలేదు. ఆ చక్రం 9కి తొమ్మిదిసార్లు, 0కి పదిసార్లు లైనును తెంపి కలుపుతుంది. మా మోడెంకు ఆ లెక్క రాదు, బటన్ల టోనులే తెలుసు. మధ్యలో పల్స్‌ను టోనుగా మార్చే చిన్న పెట్టె పెడితే సరిపోతుంది. పెట్టలేదు. సెల్ నుంచి నేనే ల్యాండ్‌లైనుకు చేశాను. లోపలి జంట గంటలు గణగణమన్నాయి. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి పరుగున వచ్చింది, "ఎవర్రా, ఊరినుంచేనా?" అంటూ. ఇక అది ఎవరినీ పిలవలేదు; పిలిస్తే పలుకుతుంది. ఆ వయసుకి అంతే చాలు.