ఆదివారం కాలేజీ

విజయనగరంలో ఓ డిగ్రీ కాలేజీ. ఆదివారం పొద్దున్న అక్కడ దూరవిద్య తరగతులు జరుగుతాయంటే చూద్దామని వెళ్లాను. బెంచీల మీద ఉన్నవాళ్లంతా ఇల్లూ, ఉద్యోగమూ ఉన్నవాళ్లే. చీపురుపల్లి, గరివిడి వైపు నుంచి రైల్లో కొందరు, బొబ్బిలి నుంచి బస్సులో కొందరు వచ్చారు.

ముందు బెంచీలో పైడిభీమవరం ఫార్మా కంపెనీ హెల్పర్. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. అతని అసైన్‌మెంటు తీసి చూశాను. ప్రతి కాగితానికీ స్కేలుతో గీసిన మార్జిన్. మొదటి పేజీలో పెద్దపెద్ద అక్షరాలు, కొట్టివేతలు. అయిదో పేజీకి వచ్చేసరికి రాత కుదురుకుంది. "పెన్ను పట్టి పన్నెండేళ్లయిపోయింది బాబూ, మొదట్లో చెయ్యి తిరిగీది కాదు" అన్నాడు.

పక్క వరసలో గరివిడి నుంచి వచ్చిన ఒకావిడ. జాకెట్లు కుడుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగింది. "ఈ వయసులో సదువేటమ్మా అని మా అత్త గొడవాడింది. ఇప్పుడు పరీక్షలొస్తే ఆవిడే వొండి పెడతంది" అని చెప్పింది.

ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తిచేయడం ఈ ఊరికి కొత్త కాదు. గురజాడ అప్పారావు ఎఫ్‌.ఏ. (ఇప్పటి ఇంటర్ స్థాయి) అయ్యాక 1884లో ఇక్కడి హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. బి.ఏ. పట్టా 1886లో అందుకున్నారు. అప్పట్లో అది కొద్దిమందికే దక్కిన అవకాశం. 1972లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దూరవిద్య మొదలుపెట్టాక కాలేజీకి రోజూ వెళ్లలేనివాళ్లకు దారి దొరికింది. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఏర్పడింది. అందులో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకూ సాగదీసుకోవచ్చు. జూన్‌లో కాకపోతే డిసెంబరులో పరీక్ష రాసుకోవచ్చు.

నిబంధనలు ఇంత వెసులుబాటు ఇస్తున్నా ఆ గదిలో చాలామంది చెప్పిన కష్టం ఒక్కటే: పరీక్ష రోజు సెలవు. పాఠం అర్థంకాకపోతే మళ్లీ చదువుకుంటారు. షిఫ్టు మారకపోతే మాత్రం ఆ పేపరు పోయినట్టే, ఇంకో ఆరు నెలలు ఆగాల్సిందే.

అందుకే యజమానులకు నా విన్నపం: హాల్‌టికెట్ చూపించినవాళ్లకు ఆ పూట సెలవివ్వండి. పాఠకులకూ ఒక మాట. మీ ఇంట్లో చదువు మధ్యలో ఆగినవాళ్లుంటే పాత మార్కుల లిస్టు వెతికి తీసి దరఖాస్తు పెట్టించండి. పరీక్షల రోజుల్లో వాళ్ల ఇంటిపని మీరు చూసుకోండి.