ఏడు కిలోల పెట్టె

నల్లగొండ జిల్లాలో హాలియా అనే ఊరు ఉన్నది. అక్కడ ప్రవహించి కృష్ణలో కలిసే చిన్న నది పేరు కూడా హాలియాయే. ఊరి నుంచి ఒక దారి నల్లగొండకూ, ఒకటి మిర్యాలగూడకూ, ఇంకొకటి నాగార్జునసాగరుకూ పోతాయి. 1967లో సాగరు నీళ్ళు కాలువలకు వదిలిన తరువాత ఈ ప్రాంతమంతా వరి పొలాలతో పచ్చబడింది. పంట చేతికి వచ్చే రోజుల్లో ఎటు చూసినా ధాన్యపు రాసులూ, బస్తాలూ, కాటాలూ కనిపిస్తాయి.

ఈ ఊరి పిల్లలకు కాటా అంటే ఏమిటో ఎవరూ చెప్పనవసరం లేదు. బస్తాను కాటా మీద పెట్టినప్పుడు గోనెసంచి బరువు వేరు, ధాన్యం బరువు వేరు అని వారికి బాగా తెలుసు. గోనెసంచికి డబ్బు ఎవరిస్తారు? అందుచేత దాని బరువు తీసివేసి లెక్క కడతారు.

అయితే సంచి బరువు తీసివేయని కాటా కూడా ఒకటి ఉన్నది. అది విమానాశ్రయంలో ఉండే కాటా.

హాలియా నుంచి ఒక కుటుంబం ఢిల్లీకి బయలుదేరిందనుకుందాం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఢిల్లీలో చిన్నాన్న ఉద్యోగం చేస్తున్నాడు. ప్రయాణం అనగానే నాయనమ్మ ఊరుకుంటుందా? ఆవకాయ జాడీ, డబ్బా నిండా సకినాలు, కారప్పొడి, నాలుగు ఎండుకొబ్బరి కుడకలు తెచ్చి ముందు పెట్టింది.

"మీ చిన్నాన్నకు ఇవంటే ప్రాణం. చేతిలోనే జాగ్రత్తగా పట్టుకుపొండి," అన్నది.

"అన్నీ చేతిలో పట్టుకుపోనివ్వరు, నాయనమ్మా!" అన్నాడు పెద్ద పిల్లవాడు.

వాడు చెప్పినది నిజమే. ఏది చేతిలో పోవచ్చు, ఏది పోరాదు, ఎంత పోవచ్చు అన్నదానికి విమానాల్లో కచ్చితమైన నియమాలు ఉన్నాయి.

హాలియా నుంచి విమానం ఎక్కాలంటే శంషాబాదు వెళ్ళాలి. సాగరు నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద మాల్, ఇబ్రహీంపట్నం దాటి, బొంగుళూరు దగ్గర నగరం చుట్టూ వేసిన అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే విమానాశ్రయం చేరవచ్చు. బస్సులో నగరానికి వచ్చినవారికి ఆర్.టి.సి. వారి పుష్పక్ బస్సులు ఉన్నాయి. పూర్వం హైదరాబాదు విమానాలన్నీ బేగంపేటలో దిగేవి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైంది.

మన దేశంలో చౌక విమానాలు 2003లో ఎయిర్ దక్కన్ అనే కంపెనీతో మొదలైనాయి. ఇండిగో 2006లో వచ్చింది. టిక్కెట్టు చౌకగా ఇవ్వటం వీరికి ఎలా సాధ్యం? విమానం నేల మీద నిలబడి ఉన్నంతసేపూ సంపాదన ఉండదు. అందుచేత ఒక గుంపును దింపి, ఇంకొక గుంపును ఎక్కించుకుని, సాధ్యమైనంత త్వరగా మళ్ళీ ఎగరాలి. ఒక్కరి పెట్టె పైఅరలో పట్టక దారిలో నిలబడిపోతే, వెనుక ఉన్నవారందరూ నిలబడిపోవలసినదే! అంతేగాక భోజనానికీ, అదనపు సామానుకూ వీరు వేరుగా డబ్బు తీసుకుంటారు. కనక సామాను లెక్క తెలియనివారికి చౌక టిక్కెట్టు చౌక కాకుండా పోతుంది.

ఇండిగోలో దేశం లోపల ప్రయాణం చేసే ఒక్కొక్కరు 7 కిలోల చేతిపెట్టె ఒకటి వెంట తీసుకుపోవచ్చు. దాని పొడవు 55, వెడల్పు 35, మందం 25 సెంటీమీటర్లు దాటరాదు. ఇది కాక 3 కిలోల లోపు చిన్న సంచి ఒకటి ఉండవచ్చు. పెద్ద పెట్టెను కౌంటరులో అప్పగిస్తే అది విమానం అడుగుభాగాన వేరుగా వస్తుంది. సాధారణ టిక్కెట్టు మీద దానికి 15 కిలోల వరకు అనుమతి.

ఏడు కిలోలంటే మరీ తక్కువ అనిపిస్తుంది కాబోలు. లెక్క వేసి చూడండి. విమానంలో 180 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరి వెంట 7, 3 కలిపి 10 కిలోలు. మొత్తం 1,800 కిలోలు, అంటే 18 క్వింటాళ్ళు! 40 కిలోల ధాన్యం బస్తాలు 45 ఎత్తి మనుషుల నెత్తి మీదా, కాళ్ళ కిందా సర్దినట్టు. పైఅరలు మోయగల బరువుకు హద్దు ఉన్నది. పైగా విమానం కుదుపుకు లోనైనప్పుడు బరువైన పెట్టె తల మీద పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. బరువు పెరిగినకొద్దీ ఇంధనం కూడా ఎక్కువ ఖర్చవుతుంది.

ఇక కొలతల సంగతి. 55, 35, 25 కూడితే 115 అవుతుంది. ఎయిర్ ఇండియా పెట్టె కొలత 55, 40, 20. అది కూడినా 115 వస్తుంది. కాని రెండూ ఒకటి కావు. మొదటి పెట్టెలో 48,125 ఘన సెంటీమీటర్లు, అంటే 48 లీటర్లకు పైగా చోటు ఉంటుంది. రెండవదానిలో సరిగ్గా 44 లీటర్లు. ఒక విమానానికి సరిపోయిన 25 సెంటీమీటర్ల మందం ఇంకొక విమానానికి ఎక్కువ కావచ్చు. ఐరోపాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులను అడిగితే ఇంకా వింతగా ఉంటుంది. అక్కడి రయానేర్ అనే చౌక విమానంలో డబ్బు లేకుండా తీసుకుపోయే సంచి సీటు కింద పట్టాలి. దాని కొలతను 2025లో పెంచితే 40, 30, 20 సెంటీమీటర్లయింది. అంటే 24 లీటర్లు మాత్రమే!

అందుచేత పెట్టె కొనటానికి దుకాణానికి పోయేటప్పుడు టేపు వెంట తీసుకుపోవాలి. చక్రాలూ, పైపిడీ కూడా కొలతలోకే వస్తాయి. కొన్ని పెట్టెల మీద రాసే కొలతలో చక్రాలు కలిపి ఉండవు. అంగుళాల్లో చెబితే 2.54తో హెచ్చించి చూసుకోండి. 20 అంగుళాలంటే దాదాపు 51 సెంటీమీటర్లు. 22 అంగుళాలంటే దాదాపు 56, అది అప్పుడే హద్దు దాటింది. ఇనపచట్రంలో పెట్టి చూపమన్నప్పుడు గట్టిపెట్టె నొక్కితే లోపలికి పోదు. గుడ్డసంచి అయితే, నిండా కూరకపోతే, కాస్త సర్దుకుంటుంది.

ఇప్పుడు మళ్ళీ మన కాటా దగ్గరకు వద్దాం. చక్రాలున్న గట్టిపెట్టె ఒకటి ఖాళీగా 3 కిలోలు తూగిందనుకోండి. ఇక బట్టలకు మిగిలేది 4 కిలోలే. వీపుకు తగిలించుకునే గుడ్డసంచి ఖాళీగా ఒక కిలో తూగితే, లోపల 6 కిలోలు పడతాయి. ఒక్కొక్కరికి తేడా 2 కిలోలు. నలుగురికి 8 కిలోలు! గట్టిపెట్టెలు కొన్న కుటుంబం ఒక మనిషికి ఇచ్చే 7 కిలోల కంటె ఎక్కువ బరువును ఉత్త పెట్టెలకే ఇచ్చివేసిందన్నమాట. మెరుపు చూసి కాక, ఖాళీ బరువు చూసి పెట్టె కొనమనటం అందుకే. అయితే నడుమునొప్పి ఉన్న పెద్దవారికి వీపున మోయటం కష్టం. వారికి మాత్రం తేలికైన చక్రాల పెట్టె ఒకటి కొనటం మంచిది.

ఇంట్లో చిన్న కాటా లేకపోతే ఒక ఉపాయం ఉన్నది. మనుషులు తూగే యంత్రం మీద సంచి పట్టుకుని నిలబడండి. తరువాత సంచి లేకుండా నిలబడండి. రెండింటి తేడాయే సంచి బరువు.

మరి నాయనమ్మ ఇచ్చినవన్నీ ఏమయ్యాయి? సకినాలు చేతిసంచిలోకి పోయాయి. ఆవకాయనూ, కారప్పొడినీ గట్టిగా మూతలు బిగించి, అప్పగించే పెద్ద పెట్టెలో పెట్టారు. విదేశాలకు పోయే విమానంలో అయితే చేతిసంచిలోని ద్రవాలు ఒక్కొక్క సీసాలో 100 మిల్లీలీటర్లు దాటరాదు. 2006 ఆగస్టులో ద్రవపు బాంబులతో విమానాలను పేల్చివేసే కుట్ర ఒకటి లండనులో బయటపడిన తరువాత ఈ నియమం వచ్చింది.

ఎండుకొబ్బరి కుడకలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. వాటిలో నూనె చాలా ఎక్కువ. అవి గాలిలోని ఆమ్లజనితో కలిసి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. అందుకే ప్రపంచమంతటా విమానాల్లో ఎండుకొబ్బరిని ప్రమాదకరమైన సరుకుల జాబితాలో చేర్చారు. కొబ్బరికాయకు కూడా చేతిసంచిలో అనుమతి ఉండేది కాదు. కాని శబరిమలకు పోయే యాత్రికుల ఇరుముడిలో కొబ్బరికాయ ఉండి తీరాలి గదా! అందుచేత 2024 అక్టోబరులో కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు, 2025 జనవరి 20 వరకు యాత్రికులు ఇరుముడిని తనిఖీ చేయించుకుని వెంట తీసుకుపోవచ్చునని ప్రకటించారు.

పవర్ బ్యాంకు సంగతి దీనికి తలకిందులు. అది చేతిసంచిలోనే ఉండాలి, అప్పగించే పెట్టెలో పెట్టరాదు. దానిలోని లిథియం బ్యాటరీ పాడైతే నిప్పు పుట్టవచ్చు. మనుషుల మధ్య అయితే పొగ చూసి వెంటనే ఆర్పుతారు. అడుగుభాగాన అయితే ఎవరు చూస్తారు? సాధారణంగా దాని శక్తి 100 వాట్ అవర్లకు మించకూడదు. దాని మీద 10,000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంటే 3.7 వోల్టులతో హెచ్చించి 1,000తో భాగించండి. 37 వాట్ అవర్లు వస్తాయి. కనక భయం లేదు.

విమానం బాగా నిండినప్పుడు గుమ్మం దగ్గర చేతిపెట్టెలను కూడా తీసుకుని అడుగుకు పంపుతారు. ఈ మాట ముఖ్యంగా ఉద్యోగపు ఇంటర్వ్యూకో, కళాశాలలో చేరటానికో పోయేవారు గుర్తుంచుకోవాలి. సర్టిఫికెట్లు, మందులు, డబ్బు, పవర్ బ్యాంకు ఆ 3 కిలోల చిన్న సంచిలో ఉంటే, పెట్టె ఎటు పోయినా అవి మన దగ్గరే ఉంటాయి. పెట్టె ఆలస్యంగా వస్తే ఒక రోజు బట్టలు ఉండవు, అంతే. సర్టిఫికెట్లు ఆలస్యమైతే సంవత్సరం పోవచ్చు!

ఈ కొలతలూ, బరువులూ అప్పుడప్పుడు మారుతుంటాయి. కాబట్టి టిక్కెట్టు కొన్న రోజున దాని మీద ఉన్నది చదవాలి. చదివే పని పిల్లలకు అప్పగిస్తే మరీ మంచిది.

ఇంకొక్క మాట. పోయేటప్పుడు సరిగ్గా 7 కిలోలు తూగిన సంచి వచ్చేటప్పుడు తూగదు. ఢిల్లీ నుంచి నాయనమ్మకు ఒక శాలువా తేవద్దూ? ఆ చోటు హాలియాలోనే వదిలిపెట్టి బయలుదేరాలి.