గాలి వచ్చే సందులు

టాంక్‌బండ్ మీదుగా పోయే బస్సులో అందరూ ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకునే రోజులవి. నేనొక్కదాన్నే కిటికీలోంచి తల బయటపెట్టేదాన్ని. వాసన నాకు రాక కాదు. నీళ్ల మీద గాలి ఎటు నడుస్తోందో చూడకపోతే తోచేది కాదు. "పాపా, తల్కాయ్ లోపల పెట్టు" అని కండక్టర్ అరిచేవాడు. తల లోపలికి వచ్చేది, కళ్లు మాత్రం హుస్సేన్‌సాగర్ మీదే ఉండేవి.

1991 ఎండాకాలం సెలవులు. నాకు పదకొండేళ్లు. నాన్న తిరుమలగిరిలో ఒక మిలిటరీ ఆఫీసులో గుమాస్తా. స్టాఫ్ పిల్లలకు ఎవరికైనా ఈత వస్తే పడవ నడపడం నేర్పుతామని నోటీసు బోర్డులో పెట్టారట. మా వీధిలో ఈత వచ్చిన ఆడపిల్లను నేనే. "ఎందుకే నీకు ఆ మురికి నీళ్లు? ఉన్న రంగు కూడ పోతది" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఆరింటికి నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని సికింద్రాబాద్ వైపు ఒడ్డుకు తీసుకెళ్లాడు.

పడవ అంటే ముక్కు సూదిగా, పొడుగ్గా ఉంటుందనుకున్నాను. నాకు చూపించింది ముక్కు తెగ్గొట్టిన కుడితి తొట్టి. పేరు ఆప్టిమిస్ట్. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం దీన్ని గీశాడు. రెండు ప్లైవుడ్ షీట్లలోంచి పడవ మొత్తం తెగాలన్నది షరతు, అందుకే ఆ మొద్దు ముక్కు. ఏడున్నర అడుగుల పైచిలుకు పొడవు, 35 కిలోల బరువు, ఒకే తెరచాప, ఒకే మనిషి. ఆ ఒకే మనిషి అన్న మాట దగ్గరే నాకు కడుపులో తిప్పింది. పక్కన ఎవరూ కూర్చోరు. తాడు ఒక చేత్తో, చుక్కాని కర్ర ఇంకో చేత్తో, తప్పు జరిగితే తిట్టుకోడానికి కూడా నువ్వే.

మాకు నేర్పిన హవల్దారు గారిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. తాతల కాలం నుంచీ వేటకు పోయే ఇల్లు. ఆఫీసర్ల ముందు హిందీలో "హవా దేఖో" అనేవారు కానీ, నాకు తెలుగు వచ్చని తెలిశాక మాత్రం ఊరి భాషలోకి దిగిపోయేవారు.

"ఏటమ్మా, పైకేటి సూత్తున్నావు? గాలి పైనుండదు. నీటి మీద సూడు. నల్లగ ముడతలడి ఇటొత్తంది సూడు, అదే గాలి."

చూశాను. ముందు ఏమీ కనపడలేదు. పది రోజులకు కనపడింది. పాచిపచ్చ నీళ్ల మీద ఒక చోట రంగు చిక్కబడి, బట్ట మీద ఎవరో అరచెయ్యి పెట్టి తోసినట్టు ఆ మరక మన వైపు పాకుతుంది. అది పడవను తాకే లోపు మనసులో నాలుగంకెలు లెక్కపెట్టమనేవారు. మూడుకే వస్తే గట్టి గాలి, ఆరైనా రాకపోతే దారిలోనే చచ్చిపోయింది.

గాలి దిక్కు తెలియడానికి మాస్టుకు, అంటే తెరచాప స్తంభానికి, ఏదో ఒకటి కట్టాలి. డబ్బున్న క్లబ్బుల పిల్లలు మాస్టు మీద చిన్న జెండా పెట్టుకునేవాళ్లు. మేం క్యాసెట్టు టేపు కట్టుకునేవాళ్లం. గోధుమరంగు టేపు జానెడు ముక్క, చిన్న ఊపిరికి కూడా లేస్తుంది, తడిస్తే దులిపితే చాలు. మా ఇంట్లో టేప్‌రికార్డర్ నమిలేసిన క్యాసెట్టు ఒకటే ఉంది, నాన్నకు ప్రాణమైన ఘంటసాల భగవద్గీత. దాన్ని పెన్సిల్‌తో తిప్పి బాగుచేద్దామని అలమరలో దాచుకున్నాడాయన. రోజుకో ముక్క చొప్పున ఎన్ని శ్లోకాలు కత్తిరించానో తెలీదు. పట్టుబడ్డ రోజు నాన్న క్యాసెట్టు వంకా, నా వంకా చూసి, "ఏ పక్క కత్తిరించినవ్?" అన్నాడు. అంతే.

ఆప్టిమిస్ట్‌లో సర్దుబాటు అంతా ఒక కర్ర మీద ఉంటుంది. తెరచాప పై మూలను ఐమూలగా ఎత్తిపట్టే కర్ర, స్ప్రిట్ అంటారు. దాని తాడు వదులైతే మాస్టు దగ్గరి పై మూల నుంచి వెనక కింది మూలకు ముడత పడుతుంది. మరీ బిగిస్తే ముడత అటుదిటు మారి, వెనక పై మూల నుంచి మాస్టు అడుక్కు వస్తుంది. ఒడ్డు మీద చూసి సరిపోయిందనుకుంటే నీళ్లలో సరిపోదు. గట్టి గాలి ఉన్న రోజు ఒడ్డున కాస్త ఎక్కువే బిగించి ఆ రెండో ముడతతోనే బయల్దేరాలి, గాలి పొట్టలోకి ఎక్కగానే అది తనంతట మాయమవుతుంది. తెరచాపను మాస్టుకు కట్టే దారాలు మరో తతంగం. మధ్యలో సందు పది మిల్లీమీటర్లు దాటకూడదని రూలు. ఆ సందు కొలవడానికి హవల్దారు గారు చిటికెన వేలు పెట్టి చూసేవారు. అది ఎవరి వేలుకు పది మిల్లీమీటర్లో మేం అడగలేదు.

చుక్కాని విషయంలో మాత్రం ఆయనకు ఓపిక తక్కువ. "అలా కెలక్కమ్మా, కూర కాదది!"

అప్పుడు సాగర్ అడుగున బుద్ధుడున్నాడు. 1990 మార్చి 10న విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే ఒరిగి నీళ్లలో పడిపోయింది, మనుషులు పోయారు. నేను పడవెక్కేనాటికి ఆయనింకా కిందే పడుకుని ఉన్నాడు. మధ్యలో జిబ్రాల్టర్ రాక్ మీద పీఠం ఖాళీగా ఉండేది. పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక ఎక్కడ దేనికి గీసుకున్నా అది బుద్ధుడి తలకాయేనని మా గట్టి నమ్మకం. ఎక్కడో మైలు దూరంలో గుర్రపుడెక్క కాడకు తగిలినా సరే. ఒకబ్బాయి రోజూ పడవ దించే ముందు రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పుకునేవాడు.

1992 డిసెంబర్ 1న ఆయన్ను పైకి తీసి పీఠం మీద నిలబెట్టారు. ఊరంతా దండాలు పెట్టుకుంటుంటే మాకు మాత్రం ఒక లాభం, ఒక నష్టం. నష్టం ఏమిటంటే 58 అడుగుల విగ్రహం వెనక్కి పోతే గాలి ఉండదు. తెరచాప టపటపమని కొట్టుకుని చప్పబడిపోతుంది. లాభం పెద్దది. వానాకాలంలో గాలి నైరుతి నుంచి వస్తుంది. గాలికి ఎదురు పోవాలంటే పడవ నేరుగా పోలేదు, ఐమూలగా ఒకసారి ఇటు, ఒకసారి అటు మెలికలు తిరుగుతూ పోవాలి. గాలి కుడి పక్క నుంచి తాకేట్టు పోతుంటే మా పడవ ముక్కు సరిగ్గా దక్షిణాన నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం వెంకన్న మీదికి ఉండేది. గాలి దిక్కు మారి మనకు అడ్డం పడితే ముక్కు ఎడమకు, బుద్ధుడి వైపు జారుతుంది. అంతకు ముందు ఎంత జారిందో చెప్పడానికి గుర్తు లేక తన్నుకునేవాళ్లం. ఇప్పుడు లెక్క కుదిరింది.

"ఎంకన్న మీదున్నంతసేపు పోనీ. బుద్దుడి మీదికి జారిందా, తిప్పీ!"

దిక్సూచి లేకుండా గాలి మార్పు పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక సూత్రం నేనెక్కడా వినలేదు. తర్వాత ఎన్నో ఇంగ్లిష్ పుస్తకాలు చదివాను, అందులో ఇదే విషయం నాలుగు పేజీలు, బాణాల బొమ్మలతో ఉంటుంది.

అలా అలా ఊరే మారిపోయింది నాకు. స్కూల్లో హైదరాబాద్ అంటే చార్మినార్, గోల్కొండ. మాకు హైదరాబాద్ అంటే గాలి వచ్చే సందులు. ఖైరతాబాద్ మేడల మధ్య ఒకటి, రాజ్‌భవన్ చెట్ల పక్కన ఇంకొకటి. సందుకు ఎదురుగా గాలి విసనకర్రలా విచ్చుకుంటుంది, మేడ వెనక సుడి తిరుగుతుంది. అప్పటికి నెక్లెస్ రోడ్డు లేదు, పడమటి ఒడ్డున రైలు పట్టాలు. రైలు వెళ్తున్నంతసేపూ గాలి తగ్గుతుందని మేం ఒట్టేసి చెప్పేవాళ్లం. హవల్దారు గారు నవ్వేవారు. చలికాలం వస్తే గాలి తూర్పుకు తిరిగి టాంక్‌బండ్ మీంచి ఎగిరెగిరి పడేది, పొద్దున పూట అదీ ఉండేది కాదు. వినాయక చవితి తర్వాత నెల రోజులు ఇంకో గోల. గడ్డి, వెదురుబద్దలు, పూలదండల దారాలు పలకకు చుట్టుకునేవి. ముందున్నవాడి పడవ ఉన్నట్టుండి మెల్లగయిందంటే వాడికి ఒక వినాయకుడు తగిలాడన్నమాట.

పదిహేనేళ్లకు ఆప్టిమిస్ట్ వయసు అయిపోయింది. లేజర్ ఇచ్చారు. దాదాపు పద్నాలుగడుగుల పడవ, అదీ ఒంటరిదే. నాకిచ్చింది రేడియల్, 5.76 చదరపు మీటర్ల తెరచాప. నా బరువు 46 కిలోలు. పడవ ఒక్కటే నాకంటే బరువు.

లేజర్‌లో సర్దుబాటు తాళ్లు మూడు. తెరచాప అడుగున ఉండే కర్ర బూమ్, దాని వెంట తెరచాప అడుగును లాగేది అవుట్‌హాల్. మాస్టు వెంట కిందికి లాగేది డౌన్‌హాల్. బూమ్ పైకి లేవకుండా పట్టేది కికర్. అవుట్‌హాల్‌కు మా లెక్క జానెడు, బెత్తెడు. మామూలు గాలికి బూమ్‌కూ గుడ్డకూ మధ్య జానెడు సందు. గట్టి గాలికి గుడ్డ బూమ్‌కు అంటుకోవాలి. గాలి బొత్తిగా లేనప్పుడు ఇంకా వదులు చెయ్యాలని కొత్తవాళ్లు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాదు, బెత్తెడే. ఓపిక లేని గాలి లోతైన పొట్టలో వంపు తిరగలేదు, మధ్యలోనే విడిపోతుంది. ఇక కికర్ సంగతి చెప్పాలంటే ఆడపిల్లల చేతులను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదది. ఈ రోజుల్లో కప్పీలు చాలా ఉంటాయి, చిన్నపిల్లలు కూడా లాగేస్తారు. అప్పుడు ముందు తెరచాపను లోపలికి లాగే షీటు తాడును కప్పీకి కప్పీ తాకేదాకా లాగి, బూమ్ కిందికి దిగాక, ఆ వదులైన క్షణంలో కికర్ గుంజాలి. అంతలో గాలి ఊరుకుంటుందా!

1996 జూలై. ఆ నెల్లోనే అట్లాంటా ఒలింపిక్స్‌లో లేజర్ మొదటిసారి పోటీగా వచ్చింది. బ్రెజిల్‌కు చెందిన రాబర్ట్ షైట్‌కు బంగారం. ఊరంతా లియాండర్ పేస్ గురించి మాట్లాడుతుంటే, పేపర్లో చీమంత అక్షరాల్లో సెయిలింగ్ ఫలితాలు వెతికింది సికింద్రాబాద్‌లో మేం ఎనిమిదిమందిమే అయ్యుంటాం.

ఆ జూలైలో ఒక ఆదివారం క్లబ్బు రేసు. మబ్బు కమ్ముకుని గాలి తెరలు తెరలుగా వస్తోంది. నల్ల మరక చూడగానే కాళ్లు పట్టీ కింద బిగించి, నడుము నుంచి వెనక్కి వేలాడి, తెర తగలగానే షీటు బెత్తెడు వదలడం, పడవ నిటారుగా లేచాక బెత్తెడు లాగడం. వదలడం ఆలస్యమైతే వాలుతుంది, లాగడం ఆలస్యమైతే పక్కవాడు పోతాడు. డౌన్‌హాల్ ఒంటి బరువంతా వేసి గుంజాను. తెరచాప పై భాగం తెరుచుకుని అక్కరలేని గాలిని వదిలేసింది. నా 46 కిలోలకు అదే దిక్కు. తొడలు మండిపోతున్నాయి. అయినా ఎంకన్న మీంచి ముక్కు జారలేదు, మలుపు గుర్తుగా నీళ్ల మీద తేలే మొదటి బోయ్ దగ్గర నేను మూడో పడవను.

రెండో బోయ్ వాయవ్యాన, కూకట్‌పల్లి నాలా కలిసే వైపు. అక్కడ గాలికి వీపు తిప్పి బూమ్‌ను అటు నుంచి ఇటు దాటించాలి. దాటించేటప్పుడు షీటు తాడును మణికట్టుతో ఒక్క విదుపు విదపాలి. లేకపోతే అది పడవ వెనక మూలకు చుట్టుకుంటుంది. లేజర్ నడిపిన ప్రతివాళ్లకూ ఈ మూల తెలుసు. నాకూ తెలుసు. వెయ్యిసార్లు విదిపాను. ఆ రోజు నా ముందున్న పడవ ఎంత దగ్గరైందో చూస్తూ విదపలేదు.

బూమ్ సగం దారిలో ఆగింది. పడవ తిరగబడింది. అంతేకాదు, పూర్తిగా బోర్లాపడి మాస్టు కొన నాలా ఒండ్రులో దిగబడింది. పడవ అడుగు మీద నిలబడి పలక పట్టుకుని వెనక్కి వేలాడితే ఎంతకూ రాదు. పది నిమిషాలకు ఎవరో జలగను పీకినట్టు 'చుప్'మని వచ్చింది. తెరచాప పై మూరెడు నల్లగా, దాని కొనకు బంతిపూల దండ దారమొకటి, దారానికి జరీ అంచు గుడ్డముక్క. వరసగా నన్ను దాటి వెళ్తున్న వాళ్లలో ఒకడు "గణపతి బప్పా" అన్నాడు. చివరిదాన్నిగా వచ్చాను. అమ్మ నన్ను పెరట్లోనే ఆపి, బకెట్లో డెటాల్ కలిపి, నాలుగు బకెట్లయ్యేదాకా గడప తొక్కనివ్వలేదు.

ఇంటర్ రెండో సంవత్సరం మొదలవుతూనే ఎంసెట్ కోచింగ్ వచ్చి పడింది. పొద్దున నాలుగున్నరకు క్లాసు, ఆదివారం పరీక్ష. క్లాసులు మొదలయ్యే ముందు శనివారం సాయంత్రం చివరిసారి అడిగి లేజర్ దించాను. గాలి లేదు. ఉన్న కాస్తలో బుద్ధుడి దాకా పోయాను, అక్కడ పూర్తిగా పడిపోయింది. నీళ్లు అద్దం. టేపు ముక్క మాస్టుకు అంటుకుపోయి వేలాడుతోంది. టాంక్‌బండ్ మీద లైట్లు వెలిగాయి.

హవల్దారు గారు మోటారు బోటేసుకుని వచ్చారు. "తాడు ఇసిరీమంటావా?"

"వద్దు సార్. వస్తా."

"ఎప్పుడొత్తావు?"

నేను మాట్లాడలేదు. నడుము వంచి ముందుకు జరిగి, పలక పక్కన ముడుచుకుని కూర్చుని, పడవను కొంచెం తెరచాప వైపుకే ఒరగనిచ్చాను. అలా ఒరిగితే గాలి లేకపోయినా గుడ్డ తన బరువుకు తనే వంపు తిరుగుతుంది. ఆయనే నేర్పింది. ఆయన కాసేపు చూసి ఇంజన్ ఆపేశారు. చెవి మీది బీడీ తీసి వెలిగించారు. పెట్రోలు డబ్బా పక్కన బీడీ ఏమిటని అడిగే ధైర్యం మా ఎవరికీ ఎప్పుడూ లేదు.

పొగ నిటారుగా పైకి పోయింది. చాలాసేపు అలాగే పోయింది. తర్వాత మెల్లగా, ఒడ్డు వైపు, వెంట్రుకవాసి వంగింది. నేను షీటును రెండు వేళ్లతో పట్టుకున్నాను.