ఆగి పాడే పెట్టె

చర్చి ఆర్గాన్ అంటే సినిమాల్లో చూసిన గోడంత పైపులే గుర్తొస్తాయి. తాండూరు, వికారాబాద్ వైపు మెథడిస్టు చర్చిల్లో నేనెరిగింది మాత్రం హార్మోనియమే. వరసకు ఆర్గాన్‌కు చెల్లెలు. 1842లో పారిస్‌లో దెబాన్ పేటెంటు తీసుకున్నప్పుడు అది కాళ్లతో తొక్కే బల్ల. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో తిత్తి ఊపే పెట్టెగా మార్చారు. అలా చాప మీదికి దిగి మన మధ్య కూర్చుంది.

గమకాలు పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలివేసింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. ఊళ్లు ఆ మాట పట్టించుకోలేదు. గుడి భజనకూ, వీధి నాటకానికీ, పురుషోత్తమ చౌదరి కీర్తనలకూ అదే దిక్కు.

మా పెద్దనాయన నవంబరులో ధారూరు జాతరకు దాన్ని భుజాన మోసుకెళ్లేవాడు. నాపరాళ్ల పాలిష్ దుమ్ము చేరి ఏ మెట్టయినా మూగబోతే, లోపలి ఇత్తడి రీడు విప్పి తుడిచేవాడు. శ్రుతి తగ్గితే రీడు కొసను, పెరిగితే మొదలును రవ్వంత గీకేవాడు.

ఇప్పుడు కీబోర్డు వచ్చింది. నూరు వాద్యాలు పలుకుతుంది, మీట నొక్కితే తాళమూ అదే వేస్తుంది. పిల్లలు హుషారుగా పాడుతున్నారు, సంతోషమే. కానీ ఆ తాళం ఎవరి కోసమూ ఆగదు. వెనక వరసలో ముసలమ్మలు చరణం మధ్యలోనే పాట వదిలేస్తున్నారు. పెద్దనాయన వాళ్ల దమ్ము చూసి తిత్తి నెమ్మది చేసేవాడు. వాళ్లు అందుకున్నాకే ముందుకు కదిలేవాడు.